షజరాలో లేని రక్తం

మమ్మల్ని రెండు వైపుల నుంచి రక్తం అడుగుతారు. బయటివాళ్లు అడిగేది ఒకటి: 'మీరెక్కడి నుంచి వచ్చారు? మీ తాతలు అరబ్బులా, తుర్కులా, పఠాన్లా?' ఇంట్లోవాళ్లు అడిగేది ఇంకొకటి: 'మీ ఖాన్‌దాన్ ఏది? నసబ్ ఏది? సయ్యదులా, షేక్‌లా, లేక దూదేకులోళ్లా?' మొదటి ప్రశ్న మమ్మల్ని ఊళ్లోంచి బయటికి నెడుతుంది. రెండోది మాలోనే కొందరిని దస్తర్‌ఖాన్ అవతలికి నెడుతుంది. మనిషి విలువ, మనిషి ఊరు అతని రక్తంలో రాసి ఉంటాయన్న నమ్మకమే ఈ రెండు ప్రశ్నలకూ పునాది. మేం ఆర్ట్స్ చదువుకున్నవాళ్లం. అయినా ఈ నమ్మకాన్ని శాస్త్రం ముందు నిలబెట్టి చూడాల్సిన అవసరం మాకే ఎక్కువ. ఎందుకంటే దాని దెబ్బ తగిలేది మాకే.

ఆ పని నారాయణగూడ నుంచి మొదలుపెట్టొచ్చు. అక్కడున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ జనం నోట్లో ఐపీఎం. కుక్క కరిచినా, ఆపరేషన్‌కు రక్తం కావాల్సి వచ్చినా బస్తీల జనం వెతుక్కుంటూ వచ్చిన చోటు. రక్తం సంచి మీద ఎ, బి, ఎబి, ఒ అని ఉంటుంది. పక్కన పాజిటివో నెగెటివో ఉంటుంది. కులం ఉండదు, మజ్‌హబ్ ఉండదు. 1990 డిసెంబర్‌లో ఈ శహర్‌లో మనిషిని పేరు చూసి పొడిచారు. ఆ గాయాలకు ఎక్కించిన రక్తానికి పేరు లేదు.

అయితే బ్లడ్ గ్రూపుల చరిత్ర కూడా పూర్తిగా అమాయకమైంది కాదు. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఈ గ్రూపుల సంగతి చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి దాన్ని జాతుల లెక్కకు వాడేశారు. లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టర్ దంపతులు సలోనికాలో మకాం వేసిన సైన్యాల నుంచి రక్తం తీసుకొని 1919లో ఫలితాలు ప్రకటించారు. ఇండియా సిపాయిల్లో బి గ్రూపు ఎక్కువ, ఇంగ్లీషు సోల్జర్లలో ఎ గ్రూపు ఎక్కువ అని తేలింది. ఈ రెండింటి నిష్పత్తితో ప్రపంచ జాతులను వరసలో నిలబెట్టొచ్చని అనుకున్నారు. కానీ ఎ, బి, ఒ గ్రూపులు అన్ని సైన్యాల్లోనూ ఉన్నాయి. తండ్రిది ఎ, తల్లిది బి అయితే ఒకే కడుపున పుట్టిన నలుగురు పిల్లలకు నాలుగు వేర్వేరు గ్రూపులు రావచ్చు. సొంత అన్న ఇవ్వలేని రక్తం ముక్కూ మొహం తెలియని మనిషి ఇస్తాడు. 1972లో రిచర్డ్ లెవోంటిన్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పిన మాట కూడా ఇదే: మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒక్కొక్క జనసమూహం లోపలే ఉన్నాయి. సమూహానికీ సమూహానికీ మధ్య ఉన్నది మిగిలిన కొంచెమే.

మరి తేడాలు ఉత్తవేనా? కావు. అవి పనిచేసే చోటు వేరు. 1952లో బొంబాయిలో భెండే, ఆయన సహచరులు ఒక వింత రక్తాన్ని గుర్తించారు. మామూలు పరీక్షలో అది ఒ గ్రూపులాగే కనిపిస్తుంది. ఒ రక్తం ఎక్కిస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. కారణం ఎర్ర కణం పై పొరలో ఉంది. ఎ గుర్తయినా బి గుర్తయినా కణం మీద నిలబడాలంటే ముందు హెచ్ అనే మొలక ఉండాలి. ఆ మొలకను కట్టే ఎంజైమ్‌ను తయారు చేసే జన్యువు పాడైతే, తల్లిదండ్రుల నుంచి ఎ వచ్చినా బి వచ్చినా తగిలించడానికి కొక్కెం ఉండదు. ఇలాంటి మనిషికి ఇలాంటి మనిషే రక్తమివ్వాలి. డీఎన్ఏలో చిన్న మార్పు, కణం మీద ఒక లోటు, ఆస్పత్రి మంచం మీద ఒక ప్రాణం: ఈ మూడూ ఒకే దారంతో కట్టి ఉన్నాయి. మా వాదానికి అవసరమైన దారం ఇదే.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఈ సంగతులను బిట్ల కోసం బట్టీ పడతారు. మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు. ఒక్కో వరసలో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఆ అక్షరాల ముసాయిదాను 2000లో ప్రకటించారు, 2003లో పని ముగిసిందన్నారు. ఒక్కో మనిషి ప్రామాణిక ప్రతి నుంచి 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాగా ఉంటాడని 2015లో తేలింది. ఈ తేడాల్లో చాలా భాగం ఏ హానీ చెయ్యవు. కొన్ని మాత్రం కణం పనిని మారుస్తాయి. ఏ తేడా ఏ కణంలో ఏం చేస్తుందన్నదే ఇప్పుడు నడుస్తున్న అసలు పరిశోధన.

ఈ చదువు ఒకప్పుడు ఈ నగరంలో ఉర్దూలో కూడా ఉండేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. తర్వాత వైద్యం కూడా ఉర్దూలో చెప్పింది. ఉర్దూలో కణాన్ని ఖలియా అంటారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేదాన్ని విరాసత్ అంటారు. తెలుగులో ఏమంటారు? వారసత్వం. వారసుడు అన్న మాట అరబ్బీ 'వారిస్' నుంచి వచ్చిందే. వంశం గురించి, నెత్తురు గురించి తెలుగులో ఎంత స్వచ్ఛంగా మాట్లాడాలనుకున్నా నోట్లోకి అరబ్బీ వస్తుంది. భాషకు లేని స్వచ్ఛత రక్తానికి ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్ చరిత్రలో రక్తం పరీక్ష అంటే అందరికీ రోనాల్డ్ రాస్ గుర్తొస్తాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ తీసుకున్నాడు. ఆ దోమ తాగిన రక్తం ఎవరిది? హుసేన్ ఖాన్ అనే రోగిది. దోమకు ఒక అణా చొప్పున తీసుకొని అతను తన ఒళ్లు కుట్టించుకున్నాడని రాసిపెట్టింది రాసే. నోబెల్ జాబితాలో లేని ఆ పేరు మా షజరాలో కూడా లేదు. పేదవాడి రక్తం శాస్త్రానికి పనికొస్తుంది, వంశవృక్షానికి పనికిరాదు.

మలేరియా ఊరికే చంపి పోలేదు. వేల ఏళ్లుగా మనుషుల రక్తంలో ఏది మిగలాలో, ఏది పోవాలో నిర్ణయించింది. తలసేమియాకూ మలేరియాకూ సంబంధం ఉండొచ్చని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ఊహించాడు. సికిల్ సెల్ జన్యువు ఒక్క పాలు ఉన్నవాళ్లకు మలేరియా నుంచి రక్షణ ఉందని 1954లో ఆంథోనీ ఆలిసన్ చూపించాడు. తల్లి నుంచి ఒక్క పాలు, తండ్రి నుంచి ఒక్క పాలు రెండూ వస్తే బిడ్డకు జబ్బు. ఒక్కటే వస్తే మలేరియా ముందు కవచం. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో పూస మారితే చాలు, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ కడ్డీలు కడుతుంది, గుండ్రటి కణం కొడవలిలా వంకరపోతుంది, సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకల్లో నొప్పి అక్కడి నుంచే.

ఇక్కడ అరబ్ రక్తం గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు ఒక మాట వినాలి. సికిల్ సెల్ జన్యువు చుట్టూ ఉండే డీఎన్ఏ వరసలను 1986లో పోల్చి చూశారు. తూర్పు సౌదీ అరేబియా ఒయాసిస్సుల్లో ఉన్న వరస, ఒడిశా రోగుల్లో ఉన్న వరస ఒకటే. తర్వాత ఈ దేశంలోని ఆదివాసుల్లో కూడా అదే కనిపించింది. దానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు అరబ్-ఇండియన్ వరస. అంటే పరీక్షలో నిలబడిన ఒక అరబ్ చుట్టరికం అడవిలో పోడు కొట్టుకునే ఆదివాసి నెత్తుట్లో ఉంది. అతని దగ్గర షజరా లేదు, అతనికి ఎవరూ సలాం చెయ్యరు.

తలసేమియా సంగతి మా దర్జీలకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. జన్యువులో రాసిందంతా పనికిరాదు. మధ్య మధ్య ముక్కలు కత్తిరించి, మిగిలినవి కలిపి కుట్టాకే ప్రోటీన్ తయారవుతుంది. ఎక్కడ కత్తిరించాలో గుర్తులుంటాయి, దర్జీ సుద్దతో గీసుకున్నట్టు. మన దేశంలో బీటా తలసేమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఆ సుద్ద గుర్తు దగ్గర ఒక్క అక్షరం మారడమే. జి ఉండాల్సిన చోట సి ఉంటుంది. కత్తెర తప్పిపోతుంది. బీటా గొలుసులు సరిపడా తయారు కావు. జత దొరకని ఆల్ఫా గొలుసులు ముద్దకట్టి ఎర్ర కణాన్ని మూలుగలోనే చంపేస్తాయి. బిడ్డ పాలిపోతుంది. మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీయడానికి మళ్లీ మందులు. ఈ ఒక్క అక్షరం మార్పు హిందువుల్లో ఉంది, ముస్లింలలో ఉంది, సిక్కుల్లో ఉంది. సరిహద్దుకు అవతల పాకిస్తాన్‌లో కూడా ఉంది. 1947లో దేశాన్ని కత్తిరించిన కత్తెర దీన్ని కత్తిరించలేదు.

ఇప్పుడు మా మీద పడే ఇంకో నింద. 'మీలో దగ్గర చుట్టాల పెళ్లిళ్లు, అందుకే మీ పిల్లలకు జబ్బులు.' చచేరా, ఖలేరా, మమేరా, ఫుఫేరా రిష్తాలు మాలో ఉన్నమాట నిజం. మరి తెలుగు నేల మీద మేనరికం ఎవరిది? ఈ ప్రశ్నను అరవై ఏళ్ల కిందటే ఇద్దరు తెలుగువాళ్లు లెక్కలతో అడిగారు. ఒకరు పిఠాపురంలో పుట్టి హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు. రెండోవారు పి. మీరాఖాన్. 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ వివాహాల మీద వీళ్లిద్దరూ కలిసి చేసిన అధ్యయనాలు హాల్డేన్ నడిపిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చాయి. మీరాఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లి, మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపిన సంకర కణాల్లో ఎంజైములను విడదీసి చూసే పద్ధతుల మీద పనిచేశారు. జన్యువుకూ కణం పనికీ ముడి వేసిన తొలి తరం పని అది. మా పిల్లలకు టిప్పు సుల్తాన్ కత్తి తెలుసు, మీరాఖాన్ పేరు తెలియదు. మా అస్తిత్వ చరిత్రలో కత్తికి దొరికిన చోటు ప్రయోగశాలకు దొరకలేదు.

లెక్క చూద్దాం. చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని పిల్లలు ఎవరైనా సరే ఒకరికొకరు సగటున ఎనిమిదో వంతు జన్యువులు పంచుకుంటారు. మేనమామ, మేనకోడలు నాలుగో వంతు పంచుకుంటారు. అక్క కూతురిని చేసుకోవడం తెలుగు హిందువుల్లో ఆచారం. మాకు ఖురాన్‌లోని నిసా సూరా 23వ ఆయతు ప్రకారం అది హరాం. చిన్నాన్న కూతురు వాళ్లకు చెల్లెలు, మాకు రిష్తా. వాళ్లకు మా పెళ్లి వింత, మాకు వాళ్ల పెళ్లి వింత. జన్యువుకు ఏదీ వింత కాదు. దానికి తెలిసింది వంతులే. ఇది ఒకర్ని వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు. జబ్బు విషయంలో ఇద్దరం ఒకే పడవలో ఉన్నామని చెప్పడానికి.

పైగా దగ్గర చుట్టరికం లేకపోయినా ప్రమాదం ఉంటుంది. 2009లో సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు కలిసి ఈ దేశంలోని 25 సమూహాల డీఎన్ఏను పరిశీలించి, దాదాపు అందరూ రెండు ప్రాచీన మూలాల కలయికేనని చెప్పారు. 2013లో మరో పరిశోధన ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా జోరుగా సాగిందనీ, తర్వాత పెళ్లిళ్లు కులాల్లోపలే బిగుసుకుపోయాయనీ చెప్పింది. కలిసినవాళ్లే గోడలు కట్టుకున్నారు. గోడల వెనక కొద్దిమంది పూర్వీకుల లోపాలే తరతరాలుగా తిరుగుతాయి. లక్షల సంఖ్యలో ఉన్న వైశ్యుల్లో కూడా ఇదే కనిపించింది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును మామూలుగా రక్తంలోని ఒక ఎంజైమ్ నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లోపించినవాళ్లకు గంటల తరబడి ఊపిరి ఆడదు, మెషీన్ మీద ఉంచాలి. ఈ లోపం వాళ్లలో మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముందే తెలిస్తే డాక్టర్ మందు మారుస్తాడు, అంతే. గోడలు మాలో లేవా? బిరాదరీ చూడకుండా ఎన్ని నికాలు అవుతున్నాయి?

గోడలు దాటి అందరిలో పారిన తేడాలూ ఉన్నాయి. గుండె కండరంలో మయోసిన్‌ను పట్టి ఉంచే ఒక ప్రోటీన్ ఉంది. దాని జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పును తంగరాజ్ బృందం, విదేశీ సహచరులు 2009లో వివరించారు. దక్షిణాసియా వాళ్లలో సుమారు 4 శాతం మందిలో అది ఉంది. ఇక్కడ కూడా కత్తెర గుర్తే చెడిపోయింది. కణాల్లో పెట్టి చూస్తే కండరపు అల్లిక చెదిరిపోయింది. గుండె జబ్బు ముప్పు పెరుగుతుందని తేలింది. ఈ మార్పు ఉన్నవాళ్లందరికీ ముప్పు ఒకేలా ఉండదని, అదే జన్యువులో ఇంకో మార్పు జత కలిసిన వాళ్లలో గుండె పనితీరు తేడాగా ఉంటుందని 2018లో మరో పరిశోధన సరిచేసింది. నూటికి నలుగురు అంటే మసీదు సఫ్‌లో ఉన్నారు, గుడి క్యూలో ఉన్నారు, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉన్నారు.

అసలు ప్రశ్నకు వద్దాం. మేమెవరం? 2009, 2010ల్లో ఆరు ముస్లిం సమూహాల డీఎన్ఏ మీద పరిశోధనలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్ షియాలు, సున్నీలు, దావూదీ బోహ్రాలు, కేరళ మాప్పిళ్లలు, ఇరానీ షియాలు వాటిలో ఉన్నారు. మొత్తం మీద తేలింది ఇది: మా జన్యువులు ప్రధానంగా మా ఇరుగుపొరుగు ముస్లిమేతరుల జన్యువులే. పశ్చిమాసియా నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చిన పాలు కొంచెం ఉంది, అది కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. ఈ దేశపు సిద్దీల్లో ఆఫ్రికా మూలం, స్థానిక కలయిక రెండూ ఉన్నాయని 2011లో చెప్పారు. హైదరాబాద్‌లో నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు ఏసీ గార్డ్స్‌గా మిగిలింది. హబ్షీల పేరు వినిపించే హబ్సిగూడలోనే సీసీఎంబీ ఉంది.

ఈ ఫలితాలు చూసి మాలో కొందరు సంబరపడతారు: 'చూశారా, మేం ఇక్కడివాళ్లమే.' ఆ సంబరం మాకు వద్దు. డీఎన్ఏ సర్టిఫికెట్ చూపించి ఈ నేల మీద నిలబడాలంటే, సర్టిఫికెట్‌లో పాలు తక్కువైన సిద్దీ ఏం కావాలి? ఇరానీ చాయ్ పోసినవాడు ఏం కావాలి? ఇక్కడ పుట్టి, ఇక్కడ చెమటోడ్చి, ఇక్కడి మట్టిలో కలిసినవాళ్ల హక్కుకు ప్రయోగశాల ముద్ర అవసరం లేదు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు చూసింది వృత్తి, చదువు, పేదరికం, అవమానం. సయ్యదులు, మొగలులు, పఠాన్లు అందులో లేరు. అదే సరైన కొలత. అన్యాయాన్ని కొలిచేది సమాజంలో, సూక్ష్మదర్శినిలో కాదు.

మరి ఈ శాస్త్రంతో మాకేం పని? పని ఉంది, అది వంశం దగ్గర లేదు, బిడ్డ దగ్గర ఉంది. దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా తలసేమియా పాలు మోస్తున్నారు. మోసేవాళ్లకు ఏ బాధా ఉండదు, అందుకే తెలియదు. ఇద్దరూ మోసేవాళ్లే అయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు. మామూలు రక్త పరీక్షలో కణాలు చిన్నగా కనిపిస్తే, హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష చేయించాలి. అది 3.5 శాతం దాటితే అనుమానించాలి. 1998లో హైదరాబాద్‌లో పుట్టిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లల కోసమే పనిచేస్తోంది. ఇది దీన్‌కు విరుద్ధమనే మౌల్వీ ఎవరైనా ఉంటే ఆయనకు రెండు దేశాలు చూపించాలి. ఇరాన్ 1997 నుంచి పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష తప్పనిసరి చేసింది. సౌదీ అరేబియా 2004 నుంచి తలసేమియాకూ సికిల్ సెల్‌కూ చేసింది. మక్కా ఉన్న దేశంలో నికాకు అడ్డం రాని పరీక్ష ముషీరాబాద్‌లో అడ్డమెలా అవుతుంది?

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. పరీక్ష కాగితం మొదట తెగ్గొట్టేది ఆడపిల్ల రిష్తానే. మగవాడి పాలు ఎవరూ అడగరు, బిడ్డ జబ్బుపడితే తల్లి కడుపునే తిడతారు. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు. ఈ ఒక్క ముక్క ప్రతి నికాలో ఖాజీ చెప్పగలిగితే మా ఇళ్లల్లో ఎందరో ఆడవాళ్ల మీది నింద దిగిపోతుంది. పరీక్ష ఇద్దరికీ చెయ్యాలి, రిష్తా కుదిరాక కాదు, ముందే, కాలేజీల్లోనే చెయ్యాలి. కాగితం వాళ్ల చేతికే ఇవ్వాలి.

ప్రభుత్వానికీ ఒక మాట. ప్రపంచంలో ఇప్పటిదాకా చదివిన జన్యు సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవాళ్లదే. ఆ లోటు తీర్చడానికి మన దేశంలో 2020లో మొదలైన జీనోమ్ ఇండియా 83 సమూహాల నుంచి దాదాపు 10 వేల మంది డీఎన్ఏను చదివి 2025లో ఫలితాలు ప్రకటించింది. మంచిదే. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన పథకం మొదలైంది. అదీ మంచిదే. చదివిన అక్షరాలు బస్తీ దవాఖానాకు ఎప్పుడొస్తాయి? దూదేకుల తల్లికి, మెహ్తర్ బిడ్డకు, కోయ పిల్లవాడికి, మాదిగ పిల్లకు ఉచితంగా పరీక్ష ఎప్పుడు దొరుకుతుంది? మా రక్తం హుసేన్ ఖాన్ కాలం నుంచి ఇస్తూనే ఉన్నాం. దోమకొక అణా లెక్క ఇక చాలదు. ఇచ్చిన రక్తానికి బదులు మా పిల్లల ఆరోగ్యం అడుగుతున్నాం.